కట్ట కంటే ముందు గీత: వరద ముప్పు తగ్గింపు నిధులపై ప్రసంగం

(స్థానిక సంస్థల ఇంజనీర్లు, పంచాయతీ కార్యదర్శుల శిక్షణ తరగతిలో నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఇంజనీర్లకు, కార్యదర్శులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం ప్రకృతి విపత్తుల ఉపశమనానికి ప్రభుత్వం ఇచ్చే నిధులు, వరద మైదానాల నిర్వహణ. ఇందులో మొదటి సగం గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, ఎందుకంటే అందులో డబ్బు ఉంది. రెండో సగం ఎవరూ అడగరు, ఎందుకంటే అందులో భూమి ఉంది. ముప్ఫయ్యేళ్ళకు పైగా కాలువల మీద, డ్రెయిన్ల మీద, కరకట్టల మీద తిరిగిన మనిషిగా నేను చెప్పదలచినది ఈ రెండో సగం గురించే. అయినా డబ్బు లెక్కతోనే మొదలుపెడతాను, మీరు నిద్రపోకుండా ఉండాలి కదా.

ముందుగా మనందరి కళ్ళముందు జరిగినదాన్ని ఒకసారి తలచుకుందాం. 2024 ఆగస్టు చివరి రోజున, సెప్టెంబరు మొదటి తేదీన కురిసిన వానకు బుడమేరు పొంగింది. మైలవరం కొండల వైపు పుట్టి, విజయవాడ పక్కగా సాగి, కొల్లేటిలో కలిసే ఈ ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు మురికి కాలువలాగే కనిపిస్తుంది కాబట్టి, అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్న చాలామందికి అది ఏరన్న సంగతి నీళ్ళు కిటికీ ఎత్తుకు వచ్చాకనే తెలిసింది. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర బుడమేరు నీటిని మళ్ళించి, ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపే డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. అదే సమయంలో కృష్ణమ్మ కూడా నిండుగా ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, ఆ బ్యారేజి చరిత్రలో అంతకు ముందెన్నడూ అంత వరద రాలేదు. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. పొంగిన ఏటిని నదిలోకి మళ్ళిస్తే సరిపోతుందనుకుని మనం ఒక కాలువ తవ్వుకున్నాం గానీ, నది మట్టం ఎత్తుగా ఉన్నరోజున నదిలోకి నీరు దిగదు. ఏరూ నదీ ఒకేసారి పొంగే రోజు ఒకటి వస్తుందన్న లెక్క కాగితం మీద ఉండవచ్చు, నేల మీద మాత్రం లేదు.

ఆ వరద తరువాత డబ్బు ఎలా వచ్చిందో చూడండి. 2024 అక్టోబరు మొదటి తేదీన కేంద్రం 14 వరద బాధిత రాష్ట్రాలకు 5,858.60 కోట్లు విడుదల చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు అందాయి. 2025 ఫిబ్రవరిలో అదనపు సాయంగా ఆంధ్రప్రదేశ్‌కు 608.08 కోట్లు, తెలంగాణకు 231.75 కోట్లు మంజూరయ్యాయి. ఇదంతా నష్టపోయిన తరువాత ఇచ్చే డబ్బు. ఇది రావలసిందే, దీన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే ఇదే మన మనసుల్లో వరద నిధి అన్న మాటకు అర్థంగా స్థిరపడిపోయింది. వరద నష్టం ఎన్యూమరేషన్‌కు పరుగెత్తే సిబ్బందిలో ఎంతమందికి, వరద రాకముందే ఖర్చు పెట్టడానికి వేరే నిధి ఒకటి చట్టప్రకారం ఉందని తెలుసునో నాకు అనుమానమే.

ఆ చట్టం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. దాని 46వ సెక్షను జాతీయ ప్రతిస్పందన నిధి గురించి, 47వ సెక్షను కేవలం ఉపశమన పనుల కోసమే ఉద్దేశించిన జాతీయ ఉపశమన నిధి గురించి చెబుతాయి. రాష్ట్రాల్లో, జిల్లాల్లో కూడా ఇదే జోడు నిధులు ఉండాలని 48వ సెక్షను అంటుంది. ప్రతిస్పందన నిధి త్వరగానే నడకలో పడింది గానీ, జాతీయ ఉపశమన నిధి ఏర్పడడానికి 2021 ఫిబ్రవరి దాకా, అంటే చట్టం వచ్చాక 15 ఏళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. ఈ ఆలస్యానికి పెద్దగా వివరణ అక్కరలేదు. ఇల్లు కూలినవాడికి చెక్కు ఇస్తే ఫొటో వస్తుంది, కూలకుండా నిలిచిన ఇంటి ముందు ఎవరూ ఫొటో తీయరు.

మాటల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఉపశమనం అనగానే మన జనానికి పులిహోర పొట్లం, పాల ప్యాకెట్టు, పునరావాస కేంద్రంలో పరుపు గుర్తొస్తాయి. రోగి బాధ తగ్గించడాన్ని కూడా ఉపశమనమే అంటాం. ప్రభుత్వ కాగితాల్లో ఈ మాటను పెట్టింది మాత్రం బాధ కలగకముందే దాని కారణాన్ని తగ్గించడమన్న అర్థంలో. అందుకే నేను మాట్లాడేటప్పుడు దీన్ని ముప్పు తగ్గింపు నిధి అంటాను. మీరు గ్రామసభలో చెప్పేటప్పుడు ఇలాగే చెప్పండి, లేకపోతే సభ అంతా సహాయం జాబితాలో పేర్ల కోసం లేచి నిలబడుతుంది.

ఇప్పుడు లెక్క. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన పనిచేసిన 15వ ఆర్థిక సంఘం 2021-26 అయిదేళ్ళకు రాష్ట్రాల స్థాయిలో మొత్తం 1,60,153 కోట్ల నిధిని సిఫారసు చేసింది. అందులో కేంద్రం వాటా 1,22,601 కోట్లు, మిగిలిన 37,552 కోట్లు రాష్ట్రాలు తమ జేబులోంచి కలపాలి. మనలాంటి రాష్ట్రాలకు ఇది 75కు 25 నిష్పత్తి, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90కి 10. ఈ మొత్తాన్ని వంద రూపాయలుగా ఊహించుకుంటే, 40 రూపాయలు తక్షణ సహాయానికి, 30 రూపాయలు కోలుకోవడానికి, పునర్నిర్మాణానికి, 10 రూపాయలు సన్నద్ధతకు, సామర్థ్యం పెంచుకోవడానికి వెళతాయి. ఈ 80 రూపాయలు కలిపి ప్రతిస్పందన నిధి. మిగిలిన 20 రూపాయలు ముప్పు తగ్గింపు నిధి. దేశమంతటికీ అయిదేళ్ళకు ఇది సుమారు 32 వేల కోట్లు. జాతీయ స్థాయిలో ఇదే పద్ధతిలో మరో 68,463 కోట్లు ఉంటే, అందులో ఉపశమనానిది సుమారు 13,693 కోట్లు. ఒక్క మంచి వానకు ఒక్క రాష్ట్రం ప్రకటించే నష్టపు అంచనాల పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న మొత్తమే. చిన్నదని తెలిసే ఆర్థిక సంఘం దీన్ని ఎలా ఖర్చు పెట్టాలో ఒక షరతు కూడా పెట్టింది. ఆ షరతును మనలో చాలామంది చదవలేదు.

షరతు సారాంశం ఇది. స్థానిక స్థాయిలో, అక్కడి ప్రజల భాగస్వామ్యంతో చేసే పనులకు, ముప్పును తగ్గించేవాటికి, పర్యావరణానికి ఒదిగిన నివాసాలను, జీవనోపాధులను ప్రోత్సహించే పనులకు ఈ నిధిని వాడాలి. సముద్రపు గోడలు, వరద కరకట్టల వంటి భారీ నిర్మాణాలను మామూలు అభివృద్ధి పథకాల కింద చేసుకోవాలి తప్ప ఈ నిధిలోంచి కాదు. కరకట్టలకు వేరే దారి లేకపోలేదు. కేంద్ర జలశక్తి శాఖ వరద నిర్వహణ, సరిహద్దు ప్రాంతాల కార్యక్రమానికి 2021-26 కాలానికి 4,100 కోట్లతో 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, అందులో వరద నిర్వహణ భాగం 2,940 కోట్లు. పెద్ద కట్ట కావాలంటే ఆ తలుపు తట్టాలి. మన దగ్గర ఏం జరుగుతుందంటే, ముప్పు తగ్గింపు నిధికి ప్రతిపాదనలు పంపమని జిల్లా నుంచి లేఖ రాగానే, బీరువాలో నాలుగేళ్ళుగా మూలుగుతున్న రిటైనింగ్ వాల్ ఎస్టిమేటును దుమ్ము దులిపి, పైన కొత్త శీర్షిక అతికించి పంపిస్తాం. నేనూ పంపాను, కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపడం లేదు.

గోడలంటే నాకు ద్వేషమని అనుకోకండి, నా జీతమంతా వాటి మీదనే వచ్చింది. గోడ చేసే పనేమిటో మాత్రం నిజాయతీగా ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక పట్టణంలో ఎడమ గట్టు వాళ్ళు గట్టిగా అడిగారని వాగుకు ఎడమ గట్టును రెండడుగులు ఎత్తు చేశాం, మరుసటి వానకు కుడి గట్టు వాళ్ళు వచ్చి మా ఆఫీసు ముందు కూర్చున్నారు. గట్టు నీటిని మాయం చేయలేదు, చిరునామా మార్చింది, అంతే. భద్రాచలంలో ఇంకో రకం పాఠం ఉంది. కరకట్ట గోదావరిని ఊళ్ళోకి రానివ్వకుండా ఆపుతుంది, కానీ గోదావరి ఎత్తుగా ఉన్నప్పుడు స్లూయిజులు, అంటే కట్టలోని తూముల తలుపులు, మూసేయవలసి వస్తుంది, అప్పుడు ఊళ్ళో కురిసిన వాననీరు బయటికి పోయే దారిలేక కట్ట లోపలే నిలుస్తుంది, మోటార్లతో తోడుకోవాలి. కట్ట కట్టిన ప్రతి ఊరికీ రెండు వరదలు ఉంటాయి, నది నుంచి వచ్చేది ఒకటి, కట్ట వల్ల ఆగేది ఒకటి. రెండోదానికి పంపు, డీజిలు, రాత్రి కాపలా, ఏటా షట్టర్లకు గ్రీజు కావాలి. గ్రాంటు ఏదైనా కట్టడానికి ఇస్తుంది గానీ, కట్టినదాన్ని చూసుకోవడానికి ఏటేటా ఇచ్చే గ్రాంటును నా సర్వీసులో నేను చూడలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. వరద మైదానం అంటే ఏమిటి? ఏరు మామూలు రోజుల్లో పారే గర్భం దాని ఇంటిలో వంటగది అయితే, ఎప్పుడో ఒకసారి పొంగినప్పుడు పరుచుకునే పల్లమంతా దాని పెరడు. పెరడు ఖాళీగా కనిపిస్తే అది ఎవరిదీ కాదనుకుంటాం. మన పెద్దలు దానికి పేర్లు పెట్టుకున్నారు, లంక అన్నారు, ముంపు పల్లం అన్నారు, ఆ పేరున్న చోట పశువుల్ని మేపుకున్నారు, కూరగాయలు పండించుకున్నారు, ఇల్లు మాత్రం మెరక చూసి కట్టుకున్నారు. నీరు పల్లమెరుగు అంటాం. మన రెవెన్యూ రికార్డు మాత్రం పల్లమెరుగదు. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది, పట్టాదారు పేరు ఉంటుంది, నేల ఎత్తు ఎంతో చెప్పే గడి అందులో ఉండదు. కాబట్టి లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారి ముందున్న కాగితంలో పల్లమూ మెరకా ఒకేలా కనిపిస్తాయి.

పల్లాన్ని కాగితం మీదికి తెచ్చే పనినే వరద మైదానాల జోనింగ్ అంటారు. ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు, కేంద్రం 1975లోనే ఒక నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. సర్వే చేసి హద్దులు ప్రకటించడం, ఆ హద్దుల్లో ఏ వాడకం ఉండవచ్చో ఏది ఉండకూడదో నిర్ణయించడం, నష్టపోయేవారికి పరిహారం ఇవ్వడం, ప్రవాహానికి అడ్డం తొలగించే అధికారం, అన్నీ అందులో ఉన్నాయి. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో, అప్పటి జమ్మూ కశ్మీర్ 2005లో, ఉత్తరాఖండ్ 2012లో చట్టాలు చేసుకున్నాయి. అర్ధ శతాబ్దంలో జాబితా ఇంతే, గోదావరి, కృష్ణ దిగువన ఉన్న మన రెండు రాష్ట్రాలూ ఇందులో లేవు. 1884 నాటి మద్రాసు నదుల పరిరక్షణ చట్టం ఆంధ్ర ప్రాంతంలో ఇంకా ఉంది. నది హద్దులను సర్వే చేయించి, వాటి లోపల అనుమతి లేని కట్టడాలను నియంత్రించే వీలు దాని కింద ఉంది. కానీ అది నది గట్ల మధ్య గురించి ఆలోచించిన చట్టం, గట్టు దాటిన పల్లం గురించి కాదు.

మన దగ్గర గీతలు అసలు లేవని అనలేను. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో నది హద్దు నుంచి పురపాలక పరిధి బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు వదలాలని ఉంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు, పది మీటర్ల వెడల్పు దాటిన వాగుకు 9 మీటర్లు, దానికి లోబడిన వాగుకు 2 మీటర్లు. 2024 జులైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తరువాత ఎఫ్‌టీఎల్ (ఆ పూర్తి నీటి మట్టమే), బఫర్ జోన్ (దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ) అనే మాటలు ఇంటింటి మాటలయ్యాయి. ఇవి మంచి నిబంధనలే. అయితే వీటిలో ఒక లోపం ఉంది, ఇవి టేపుతో కొలిచిన గీతలు. నీరు టేపు పట్టుకుని నడవదు, అది మట్టాన్ని బట్టి నడుస్తుంది. ఒడ్డు ఎత్తుగా ఉన్నచోట 50 మీటర్లు అనవసరంగా ఎక్కువ కావచ్చు, ఒడ్డు పల్లంగా ఉన్నచోట అర కిలోమీటరు కూడా చాలకపోవచ్చు. రెండు మీటర్లు వదిలిపెట్టి కట్టుకున్నవాడు నిబంధన పాటించాననే నమ్మకంతో నిద్రపోతాడు, అతన్ని మోసం చేసింది నిబంధనే.

మట్టంతో గీసిన గీత ఎలా ఉంటుందో చూడాలంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లో వరదలపై ఇచ్చిన మార్గదర్శకాలు తెరవండి. ఆసుపత్రులు, విద్యుత్ కేంద్రాలు, నీటి సరఫరా, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, రైల్వే స్టేషన్ల వంటివి వందేళ్ళ వరద మట్టానికి పైన ఉండాలి. ప్రభుత్వ కార్యాలయాలు, విద్యాసంస్థలు, నివాస ప్రాంతాలు పాతికేళ్ళ వరద మట్టానికి పైన ఉండాలి, ముప్పు ఉన్నచోట ఇళ్ళు స్తంభాల మీద లేవాలి. పార్కులు, ఆటస్థలాలు అంతకన్నా దిగువన ఉండవచ్చు, ఎందుకంటే మునిగిన ఆటస్థలం నాలుగు రోజుల్లో ఆరిపోతుంది.

ఈ వందేళ్ళ వరద అన్న మాటే పెద్ద అపార్థాల పుట్ట. వందేళ్ళకొకసారి వస్తుందట కదా, మన తాతల కాలంలో వచ్చింది, ఇక మన మనవల కాలంలోనే అనుకుంటారు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో మళ్ళీ 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఒకే మనిషి తన జీవితంలో రెండు చూశాడు. వందేళ్ళ వరద అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం వందలో ఒక వంతు అని అర్థం. ముప్ఫయ్యేళ్ళ గృహరుణం తీసుకుని కట్టుకున్న ఇల్లు ఆ మట్టానికి దిగువన ఉంటే, రుణం తీరేలోపు అది మునిగే అవకాశం సుమారు 26 శాతం. పాతికేళ్ళ వరద మట్టానికి దిగువన ఉంటే అది సుమారు 70 శాతం. మన బ్యాంకులు లింకు డాక్యుమెంట్లు అడుగుతాయి, ఈసీ అడుగుతాయి, ఇంటి నేల ఎత్తు అడగవు.

హ్యూస్టన్‌లో ఇల్లు కొనబోయే మన పిల్లలకు ఈ ప్రశ్న కొత్త కాదు. 2017లో హార్వే తుపాను చూసినవాళ్ళు మరీ బాగా చెబుతారు. అమెరికాలో 1968 చట్టంతో మొదలైన జాతీయ వరద బీమా పథకంలో ఒక మెలిక ఉంది. ఊరు తన వరద మైదానంలో కట్టడాలను నియంత్రించే నిబంధనలు చేసి అమలు చేస్తేనే ఆ ఊళ్ళోవాళ్ళకు ఆ బీమా దొరుకుతుంది, ప్రమాద ప్రాంతంలో ఇల్లు కొనేవాడికి బీమా లేకుండా సాధారణంగా రుణం పుట్టదు. ముప్పు తగ్గింపు గ్రాంటులో అక్కడా ఫెడరల్ వాటా సాధారణంగా 75 శాతమే, మన నిష్పత్తే. ఆ గ్రాంటుతో పదే పదే మునిగే ఇంటిని యజమాని ఇష్టపూర్వకంగా అమ్మితే కొని కూల్చేస్తారు, ఆ స్థలాన్ని శాశ్వతంగా ఖాళీగా ఉంచాలని దస్తావేజులోనే రాసేస్తారు. 1993 మిసిసిపీ వరద తరువాత ఇల్లినాయ్‌లో వాల్‌మేయర్ అనే ఊరు మొత్తంగా పల్లం వదిలి మెరక మీదికి వెళ్ళిపోయింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేననను. పటాలు పాతబడతాయి, పేదల వంతు చివర వస్తుంది, ప్రభుత్వం మారితే గ్రాంటు పథకం ఊగుతుంది. కానీ డబ్బుకూ గీతకూ ముడి వేసిన ఆ ఒక్క పని మనం ఇంకా చేయలేదు. మన నిధి ఊరు గీత గీసిందా లేదా అని అడగదు. అందువల్ల పల్లంలో లేఅవుట్ వేయనిచ్చిన ఊరూ, వేయనివ్వని ఊరూ వరద వచ్చాక ఒకే వరసలో నిలబడతాయి. నిజానికి వేయనిచ్చిన ఊరికే ఎక్కువ సాయం అందుతుంది, నష్టం అక్కడే ఎక్కువ కాబట్టి.

మన దగ్గర మట్టంతో గీసిన గీత ఒకటుంది, దాని కథ వింటే అధికారులు ఎందుకు వెనకాడతారో అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరే కొల్లేరు సరస్సును, సముద్రమట్టానికి అయిదడుగుల కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వరకు, 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, దాదాపు 308 చదరపు కిలోమీటర్లు. పక్షుల కోసం గీసిన గీతే గానీ, పనిలో అది వరద మైదానపు గీత. కొల్లేటికి వచ్చిన నీరంతా ఉప్పుటేరు అనే ఒక్క దారిలోనే సముద్రానికి పోవాలి కాబట్టి, ఆ నీరు కాసేపు ఆగడానికి చోటు కావాలి. ఆ చోటులో చేపల చెరువులు వెలిశాయి, వాటి గట్లు నీటికి అడ్డుగా నిలిచాయి, 2006లో వాటిని కొట్టేశారు, 2008లో కాంటూరును అయిదు నుంచి మూడుకు తగ్గించాలని శాసనసభే తీర్మానం చేసింది. గీతకు ఇరువైపులా నిజమైన మనుషులున్నారు. అక్కడ ఇచ్చిన పట్టాలున్నాయి, తరతరాలుగా వేట మీద బతికే కుటుంబాలున్నాయి. గీత గీసి, దాని లోపల ఇరుక్కున్నవాడికి ఏమిస్తామో చెప్పకపోతే ఆ గీత నిలవదు. నమూనా బిల్లులో పరిహారం మాట ఉండడానికి కారణం ఇదే. ముప్పు తగ్గింపు నిధి వంటి చిన్న నిధిని నిజంగా పెట్టవలసింది ఇలాంటి చోట అని నా అభిప్రాయం. సర్వేకు, పటానికి, హద్దురాళ్ళకు, పల్లంలోని పేద కుటుంబానికి మెరకన స్థలం చూపించడానికి. కాంక్రీటుతో పోలిస్తే ఇది చవక. కష్టం మాత్రం ఎక్కువ, అందుకే మనం కాంక్రీటు వైపు జారతాం.

పునర్నిర్మాణానికి ఉద్దేశించిన ఆ 30 రూపాయల గురించి కూడా ఒక మాట. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 2022-26 కాలపు ప్రమాణాల ప్రకారం ఇచ్చేది 1.20 లక్షల రూపాయలు. ఆ డబ్బుతో అతను ఎక్కడ కడతాడు? కూలినచోటే, అదే పల్లంలో, బహుశా అంతకన్నా బలహీనంగా. కొట్టుకుపోయిన కల్వర్టును కూడా మనం పాత డ్రాయింగుతోనే మళ్ళీ కడతాం, ఎందుకంటే కొత్త వెంటు (నీరు పోయే కన్ను) వేస్తే ఎస్టిమేటు పెరిగి అది మరమ్మతు పద్దులోంచి జారిపోతుంది. ప్రతిపాదన రాసేటప్పుడు పునర్నిర్మాణం, ముప్పు తగ్గింపు అనే రెండు పద్దులనూ ఒకే పని చుట్టూ అల్లే ప్రయత్నం చేయండి, కల్వర్టు పునర్నిర్మాణం ఒక పద్దులో, దాని వెంటు పెంచడానికి, ఎగువన వాగు వెడల్పు తిరిగి రాబట్టడానికి అయ్యేది ఇంకో పద్దులో. ఆడిటువాళ్ళు ప్రశ్నిస్తారు, ప్రశ్నించనివ్వండి, ఏ రూపాయి ఏ పద్దుదో రిజిస్టరులో విడిగా చూపిస్తే జవాబు చెప్పడం కష్టం కాదు.

పట్టణాల సంగతి క్లుప్తంగా. ఏడు పెద్ద నగరాల్లో వరద ముప్పు తగ్గించడానికి ఆర్థిక సంఘం 2,500 కోట్లు కేటాయించింది. ముంబయి, చెన్నై, కోల్‌కతాలకు 500 కోట్ల చొప్పున, హైదరాబాద్, బెంగళూరు, అహ్మదాబాద్, పుణెలకు 250 కోట్ల చొప్పున. విజయవాడ, వరంగల్, ఖమ్మం, కర్నూలు ఆ జాబితాలో లేవు. 2009 అక్టోబరులో కర్నూలు ఎలా మునిగిందో, 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మాన్ని ఏం చేసిందో మీకు తెలుసు. జనాభాతో నగరాన్ని ఎంచుకుంటే ఇలాగే ఉంటుంది, ఏరు జనాభా లెక్క చూసి పొంగదు. 2025లో విపత్తు నిర్వహణ చట్టానికి చేసిన సవరణతో రాష్ట్ర రాజధానుల్లో, నగరపాలక సంస్థలున్న నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేసే వీలు వచ్చింది. మీ నగరంలో అది ఏర్పడితే, లేఅవుట్ అనుమతులు చూసే పట్టణ ప్రణాళిక విభాగం వాళ్ళను ఆ సమావేశాలకు తప్పకుండా పిలవండి. వాళ్ళు లేని వరద సమావేశంలో బోట్లు, జాకెట్ల గురించి తప్ప మాట్లాడడానికి ఏమీ ఉండదు.

దరఖాస్తు దారి గురించి చాలామంది ముందే అడిగారు. జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ ద్వారా ప్రతిపాదన రాష్ట్రానికి వెళుతుంది, అక్కడ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉన్న రాష్ట్ర కార్యనిర్వాహక కమిటీ దగ్గర అది తేలుతుంది. జాతీయ నిధి కావాలంటే కేంద్ర హోంమంత్రి అధ్యక్షతన ఉండే ఉన్నతస్థాయి కమిటీ దాకా ప్రయాణం. ఏ స్థాయిలోనైనా మిమ్మల్ని అడిగేవి రెండే, ఎంత నీరు ఎంత ఎత్తుకు వచ్చింది, ఈ పని చేస్తే అది ఎంత తగ్గుతుంది. మొదటిదానికి జవాబు లేకపోతే రెండోది ఊహ. నేను చూసిన ప్రతిపాదనల్లో సగానికి పైగా భారీగా నీరు చేరినది, ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడినారు అన్న రెండు వాక్యాలతో మొదటి ప్రశ్నను దాటేశాయి.

కాబట్టి ఈ తరగతి నుంచి వెళ్ళాక మీరు చేయగల పని ఒకటుంది, దానికి ఏ గ్రాంటూ అక్కరలేదు. వరద తీసిన ఇళ్ళ గోడల మీద బురద చార ఉంటుంది. దసరాకో సంక్రాంతికో సున్నం వేసేదాకా అది ఉంటుంది, తరువాత పోతుంది. ఈసారి నీరు తీసిన వారం లోపల మీ వార్డులో, మీ ఊరిలో ఇరవై ముప్ఫై చోట్ల, ఆ ఇంటివాళ్ళను అడిగి, ఆ చారను కరెంటు స్తంభం మీదికో బడి గోడ మీదికో పెయింటుతో ఎక్కించి తేదీ వేయండి. లెవెల్ యంత్రంతో దగ్గరలోని బెంచ్‌మార్కుకు (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తుకు) కలిపి సముద్రమట్టం నుంచి దాని ఎత్తు తీసి, సర్వే నంబరుతో సహా ఒక రిజిస్టరులో రాయండి. ఆ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెనకటి వరద ఎక్కడిదాకా వచ్చిందో అడిగి అదీ రాయండి, ముసలమ్మలు గడప మీద చెయ్యి పెట్టి ఖచ్చితంగా చూపిస్తారు. ఆ మార్కులను కలుపుతూ పటం మీద పెన్సిలుతో గీసిన గీతను లేఅవుట్ ఫైళ్ళు చూసే సెక్షనుకు ఒక కాపీ ఇచ్చి రశీదు తీసుకోండి. ఇక ప్రశ్నలుంటే అడగండి, లెవెల్ యంత్రం లేని పంచాయతీలవాళ్ళు ముందు అడగండి, వాళ్ళకు ట్రాన్స్‌పరెంట్ పైపులో నీళ్ళు పోసి మట్టం తీసే పద్ధతి ఇప్పుడే ఈ హాలు గోడల మీద చూపిస్తాను.